పచ్చ గుర్తు పెట్టేదెవరు

"ఆయన పోయుంటాడే. నా మాట విను, పోయే ఉంటాడు."

"అమ్మా."

"డెబ్బై దాటిన మనిషి. మూడు నెలలుగా ఉలుకూ పలుకూ లేదంటే ఇంకేం అనుకోవాలి? మనం వెళ్లేసరికి అక్కడ దినం జరుగుతుంటే? చేతిలో నువ్వేమో మిఠాయి పొట్లం పట్టుకుని నిలబడతావు. దినం ఇంటికి మిఠాయి తీసుకెళ్తారా ఎవరైనా?"

"పోతే ఎవరో ఒకరు చెప్తారుగా. మా గుంపులో పద్నాలుగు మందిమి ఉన్నాం."

"ఎవరు చెప్తారు? ఆయన మొహం మీలో ఒక్కరైనా చూశారా?"

"చూడలేదు."

"అదీ."

"అదీ లేదు, ఇదీ లేదు. ఆయన నిక్షేపంగా ఉన్నాడు. కావాలనే పలకడం లేదు."

బారిపదా నుంచి రాయిరంగ్‌పూర్ వైపు వెళ్లే బస్సు ఘాటు రోడ్డు ఎక్కుతోంది. కిటికీ పక్కన కూతురు సాల్గే. ఆ పక్కన, ఒళ్లో సంచి పెట్టుకుని తల్లి పాన్ముని.

"సరే, మళ్లీ ఒకసారి చెప్పు. రేపు పోలీసులు అడిగితే నేనేం చెప్పాలో నాకు తెలియాలిగా."

"పోలీసులెందుకొస్తారమ్మా?"

"ఎందుకొచ్చినా సరే. చెప్పు."

"బ్లాగు అంటారని చెప్పానా. ఎవరి కథలు వాళ్లు, ఎవరి కబుర్లు వాళ్లు ఫోన్లో రాసుకునే చోటు. రాస్తే ఎక్కడివాళ్లైనా చదువుకోవచ్చు. ఆ చోటుకి గుమ్మాలూ మెట్లూ ఉన్నాయనుకో. 'ఇక్కడ రాయి', 'ఇది దాచు', 'ఇది చెరిపెయ్', అలాంటివి. అవన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. మేం వాటిని సంతాలీలోకి మారుస్తున్నాం. మన ఓల్ చికీ అక్షరాల్లో."

"జీతం?"

"లేదని వందసార్లు చెప్పాను."

"నూటొకటోసారి మారుతుందేమోనని అడిగా. ఎక్కడైనా సంతకం పెట్టావా?"

"లేదు."

"వేలిముద్ర?"

"అమ్మా."

"సరే. ఆ పచ్చ గుర్తు సంగతేంటి?"

"మేం రాసిన ప్రతి లైనుకీ ముందు పసుపు గుర్తు పడుతుంది. అంటే ఇంకా ఎవరూ ఒప్పుకోలేదని. పెద్దమనిషి ఒకరు చూసి, సరిగ్గా ఉందని నొక్కితే పచ్చ గుర్తు. సంతాలీకి ఆ పెద్దమనిషి ఈ జదునాథ్ టుడు మాస్టారు ఒక్కడే."

"ఒక్కడే ఎలా పెట్టుకున్నారే? మన ఊరి పంచాయితీకైనా పెద్ద మాఝీ ఉన్నాడు, ఆయన కింద పారాణిక్ ఉన్నాడు, ఒకడికి జ్వరమొస్తే ఇంకొకడు."

"మొదట్లో ఆయనే దొరికాడు. ఇంకొకర్ని పెట్టండని పైవాళ్లకి రాస్తే, ఉన్నాయన సరే అంటే పెడతాం అంటారు. ఉన్నాయన పలకడు."

"పైవాళ్లంటే?"

"సముద్రాల అవతల. నేను ఏం రాసినా ఒకటే జవాబు. 'మీ ఓర్పుకు ధన్యవాదాలు' అని. ఓర్పు అయిపోయిందని చెప్పడానికే కదా నేను రాసింది."

"గట్టిగా అరవకు, ముందు సీటాయన చూస్తున్నాడు. గడువు ఆదివారమేగా?"

"ఆదివారమే. నూటికి తొంభై లైన్లు పచ్చగా ఉంటే భాషల వరుసలో మన భాష పేరు కనపడుతుంది. మనది యాభై ఎనిమిది దగ్గర ఆగింది. ఇంకా పదహారు వందల లైన్లు కావాలి. ఇవాళ శుక్రవారం."

"రాకపోతే?"

"మూసేస్తారు."

"మూసినవాళ్లు మళ్లీ తెరవకపోతారా?"

"ఎప్పుడో. అప్పటికి ఎవరు మిగులుతారు? మా పద్నాలుగు మందిలో జార్ఖండ్ దుమ్కా వాళ్లు నలుగురు ఇప్పటికే వెళ్లిపోయారు. ఊరికే వెళ్లలేదు, నన్ను నాలుగు మాటలని వెళ్లారు. రమ్మని అందర్నీ పిలిచింది నేనే కదా."

"వాళ్లేమన్నారు?"

"వదిలెయ్."

"బూతులా?"

"వదిలెయ్ అమ్మా. వాళ్ల గోల కాదు నాది. హాస్టలు పిల్లలకి ఆదివారాలు అక్షరాలు చెప్తున్నా కదా. ఒక్కొక్కరూ ఒక్కో కథ రాశారు. నోటుబుక్కుల నిండా రాశారు. మొన్న ఫోనులో పెట్టిద్దామని కూర్చోబెడితే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయారు. ఏం నొక్కాలో తెలీదు. ఒక పిల్ల నోటుబుక్కు మూసేసి, 'అక్కా, ఇది మనకి కాదేమో' అంది."

"అలా అందా?"

"అంది."

"ఏడ్చిందా?"

"లేదు. మామూలుగా అంది. అదే నాకు..."

"సరే, సరే. ఆగు, ఘాటమ్మ గుడొచ్చింది. ఒక రూపాయి బిళ్ల ఇటివ్వు, గుడి వైపు విసురుతా. తల్లీ ఘాటమ్మా, ఆ మాస్టారు బతికుండేలా చూడు."

"ఆయన బతికున్నాడని నేను చెప్తూనే ఉన్నా. గర్వం. ఆయనకి మన మయూర్‌భంజ్ జిల్లా మాటే మాట. వేరే వాళ్ల మాట పెడితే ఎర్ర గీత. పోనీ పనిదొంగా అంటే అదీ కాదు. రోజూ పొద్దు గూకాక నలభై లైన్లు. నలభై అంటే నలభై. ముప్పైతొమ్మిది కాదు, నలభై ఒకటి కాదు. మాఘ పండగ నాటి నుంచి ఒక్కటీ లేదు."

"మాఘ పండగలో ఎక్కువ తాగి పడ్డాడేమో. తలకి దెబ్బ తగిలుంటుంది."

"అమ్మా, నువ్వు కాసేపు నిద్రపో."

"నిద్రపోతే దిగాల్సిన చోటు దాటిపోతాం. తిరుగు బస్సు నాలుగింటికి. అది తప్పితే రేపే. గుర్తుపెట్టుకో, నాలుగింటికి."

కుసుమ్‌డీలో వీధి చివరి ఇల్లు. అరుగు మీద నులక మంచం. మంచం మీద, ఒళ్లో వార్తాపత్రికతో మాస్టారు.

"బతికే ఉన్నాడే."

"మెల్లగా అమ్మా, వినపడుతుంది. జోహార్ మాస్టారూ, దండాలు. నేను సాల్గేని. సాల్గే ముర్ము, బారిపదా నుంచి."

"ఏ సాల్గే?"

"మీకు ముప్పై ఒక్క సందేశాలు పంపిన సాల్గే."

"ఓ. నువ్వా తల్లీ. రా, కూర్చో. ఈవిడ?"

"మా అమ్మ, పాన్ముని. మీరు పోయారేమోనని చూడ్డానికొచ్చింది."

"ఒసే, నోర్ముయ్. కాదు మాస్టారూ, ఒంట్లో నలతగా ఉందేమోనని, అంతే."

"పోలేదమ్మా. పోయినంత పనైంది. కూర్చోండి, నీళ్లొస్తాయి."

లోపలి నుంచి మాస్టారి భార్య కంచు చెంబుతో నీళ్లు తెచ్చి, ఇద్దరి ముందూ పెట్టి, వంగి దండం పెట్టి, వచ్చినట్టే లోపలికి వెళ్లిపోయింది.

"జోహార్ అక్కా. బాగున్నారా? ... సాల్గే. ఒసే సాల్గే."

"ఏంటి?"

"ఆవిడ నీళ్లు పెట్టింది గానీ, ఇంట్లో అంతా క్షేమమా అని అడగలేదే."

"పనిలో ఉండుంటుంది."

"చెంబు పెట్టాక క్షేమం అడగని ఇల్లు నేను ఇంతవరకు చూడలేదు. చావింట్లో కూడా అడుగుతారు. మనం రావడం ఇష్టం లేదేమో. లేద్దామా?"

"కోపం మీ మీద కాదమ్మా."

"మరి ఎవరి మీద మాస్టారూ?"

"నీళ్లు తాగండి. ఎండన పడి వచ్చారు."

"మాస్టారూ, ఆదివారంతో గడువు అయిపోతోంది."

"తెలుసు తల్లీ."

"తెలుసా? తెలిసి కూడా..."

"కళ్లు బాగోలేవు. పొర కమ్మిందన్నారు."

"ఒళ్లో పేపరుంది. అద్దాల్లేకుండా చదువుతున్నారు."

"పేపరువి పెద్దక్షరాలు కదా. అదీ కాక, ఇక్కడ సిగ్నలుండదు."

"మీ ఫోనులో నాలుగు గీతలున్నాయి. నా దాంట్లోనే లేవు."

"కరెంటు కూడా ఒకసారి ఉంటుంది, ఒకసారి..."

"ఫ్యాను తిరుగుతోంది మాస్టారూ."

"నువ్వు పోలీసు ఉద్యోగానికి రాయాల్సింది తల్లీ."

"రాసింది మాస్టారూ. ఎత్తు చాల్లేదన్నారు."

"అమ్మా, నువ్వాగు. మాస్టారూ, మీరు తిన్నగా చెప్పండి. మేం రాసింది మీకు నచ్చలేదు. అంతేనా? మేం పిల్లకాయలం, పట్నాల్లో తిరిగేవాళ్లం, మా సంతాలీలో ఒడియా కలిసింది, బెంగాలీ కలిసింది. అదే కదా మీ బాధ? చెప్పేస్తే దిద్దుకునేవాళ్లం కదా. మూడు నెలలు. రోజూ పొద్దున లేవగానే ఫోను చూడ్డం. పసుపు, పసుపు, పసుపు. మావాళ్లంతా నన్నే అడుగుతారు. నేను ఎవర్ని అడగను?"

"నచ్చకపోవడం కాదు."

"అయితే ఇప్పుడే మొదలుపెడదాం. నేను చదువుతా, మీరు సరే అనండి. నొక్కేద్దాం."

"నేను సరే అంటే సరిపోదు తల్లీ."

"మీరంటేనే సరిపోతుంది. మీ ఒక్కరికే ఉంది ఆ అధికారం."

"కాగితం మీద."

"కాగితం మీద అంటే?"

"ఇప్పపువ్వు ఎండబెట్టాం. పిడికెడు తెమ్మంటాను ఉండండి. తెమ్మనడమంటే... నేనే తెస్తాను."

"కూర్చోండి మాస్టారూ. ముందు నన్నొకటి అడగనివ్వండి. తప్పుగా అనుకోకండి. నాకు అన్నీ చెడ్డవే తోస్తాయి, దానికి ఈ పిల్ల తిడుతుంది నన్ను. అక్కకి మాట పడిపోయిందా?"

"పడిపోవడమా? మేకలతో మాట్లాడుతుంది. కోళ్లతో మాట్లాడుతుంది. పక్కింటావిడతో గోడ అవతలి నుంచి పొద్దంతా మాట్లాడుతుంది."

"మీతో?"

"నాతోనూ, నా కోసం వచ్చినవాళ్లతోనూ తప్ప."

"అన్నం పెడుతుందా?"

"పెడుతుంది. పళ్లెం కింద పెట్టేటప్పుడు ఒక చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడే మా ఇద్దరికీ మాట."

"ఎన్నాళ్లుగా?"

"మాఘ పండగ నుంచి."

"మాఘ పండగా? మాస్టారూ, పచ్చ గుర్తులు ఆగిపోయింది కూడా అప్పుడే."

"అవును తల్లీ."

"రెంటికీ ఏంటి సంబంధం?"

"నీళ్లు తాగలేదు నువ్వు."

"తాగాను. చెప్పండి."

"ముప్పైనాలుగేళ్లు బడిలో పాఠాలు చెప్పాను. ఊళ్లో ఎవరికి ఏ కాగితం రావాలన్నా నా దగ్గరికే వస్తారు. నువ్వు ఇక్కడ విన్నది బారిపదాలో చెప్పకు."

"చెప్పను."

"మొదటి రోజు నలభై లైన్లు నేనే దిద్దాను. పుస్తకాలు ముందేసుకుని దిద్దాను. పచ్చ గుర్తులు పెట్టేసి, గొప్పగా ఆవిడకి చదివి వినిపించాను. అప్పుడు అన్నం వండుతోంది. గరిటె పట్టుకుని నవ్వడం మొదలెట్టింది. 'ఎవరితో మాట్లాడుతున్నావు ఇది? మనుషులతోనేనా?' అంది."

"ఆవిడ చదువుకున్నారా?"

"అక్షరం రాదు. బడి వైపు కూడా చూడలేదు. ఆ నలభై మళ్లీ మొదటి నుంచి చదివించింది. వినగానే అర్థమైతే 'ఊ' అనేది. అర్థం కాకపోతే 'ఆఁ?' అనేది. మర్నాటి నుంచి అదే పని. నేను చదవడం, ఆవిడ వినడం. 'ఊ'కి పచ్చ. 'ఆఁ?'కి ఎర్ర."

"రోజూ నలభై ఎందుకు మరి?"

"అన్నం ఉడికేసరికి నలభై అయ్యేవి."

"ఆగండి మాస్టారూ. అంటే ఇప్పుడు పచ్చగా ఉన్నవన్నీ..."

"రెండు వేల తొమ్మిది వందలు. ప్రతి ఒక్కటీ ఆవిడ ఊ అన్నదే. తేడాగా పడింది ఒకటే, అదీ తీసేశాను."

"మీరు కొట్టేసిన నా లైన్లు?"

"ఆవిడ ఆఁ అన్నవి. ఒకదానికైతే పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చి, 'ఈ పిల్లకి అమ్మ లేదా, ఇంట్లో ఎవరూ మాట్లాడరా' అంది."

"చూశావా? నేను చెప్తూనే ఉన్నా, నువ్వు నాతో సరిగా మాట్లాడవని."

"అమ్మా, నువ్వాగు. దుమ్కా వాళ్ల మాటలు?"

"వాటికి ముందు నవ్వేది. తర్వాత, 'ఇది మా మేనత్త అనేది, ఉండనీ' అని ఊ అన్నవి కూడా ఉన్నాయి. నీకు తెలీదులే. గర్వం నాకు ఉండొచ్చు. ఆవిడకి లేదు."

"మరి మాకెందుకు చెప్పలేదు మాస్టారూ?"

"ఏమని చెప్పను? మాస్టరు పెళ్లాన్ని అడిగి దిద్దుతాడనా?"

"చెప్తే ఏం పోయేది?"

"అదే తెలీలేదు తల్లీ."

"గొడవెందుకొచ్చింది మాస్టారూ? కొట్టారా?"

"ఛ, అదేం మాటమ్మా. ఒక మాట దగ్గర తేడా వచ్చింది. ఆవిడ రెండుసార్లు ఆఁ అంది. నాకు మాత్రం అది వదలబుద్ధి కాలేదు. పెద్ద పుస్తకంలో ఉన్న మాట. ఎలాగూ తెలీదులే అని పచ్చ నొక్కేశాను. కోడలు చూసి చెప్పేసింది. వెంటనే తీసేశాను కూడా. అయినా పలకదు."

"దానికేనా?"

"దానికే."

"ఒక్క మాటకి మూడు నెలలు నోరు కట్టుకుని ఎవరుంటారు మాస్టారూ? మా ఆయనతో నేను పదకొండు రోజులు మాట్లాడలేదు. అదే ఎక్కువ."

"ఎప్పుడమ్మా? దేనికి?"

"నీకెందుకే. మాస్టారూ, ఆ రోజు ఇంకేం జరిగింది?"

"ఏం జరగలేదు."

"జరిగే ఉంటుంది."

"పండగ. కొడుకూ కోడలూ వచ్చారు. బియ్యప్పిండి పిఠాలు చేశారు. తిన్నాం."

"తిన్నాక?"

"కోడలు ఫోను చూస్తూ కూర్చుంది. సగం పని అయిందని మీవాళ్లెవరో ఒక పేజీ పెట్టారట. పని చేసినవాళ్ల పేర్లతో. అది పైకి చదివింది."

"ఆ పేజీ పెట్టింది నేనే మాస్టారూ."

"నువ్వేనా?"

"నేనే. పండగ కదా, అందరికీ సంతోషంగా ఉంటుందని. పదిహేను పేర్లు. మొదట మీది, తర్వాత మా పద్నాలుగు."

"అవును. మొదట నాదే. పెద్దక్షరాల్లో పెట్టావు."

"పెట్టాను."

"అప్పుడు అక్క ఎక్కడుంది మాస్టారూ?"

"పొయ్యి దగ్గర. కోడలు ఒక్కో పేరూ చదువుతుంటే వింది. లైన్లు వినేటప్పుడు ఎలా వినేదో అలాగే వింది. చదవడం ఆగాక, 'అయిపోయాయా?' అని అడిగింది. అయిపోయాయి అన్నాను. అంతే. అదే ఆఖరి మాట."

"మీకు అప్పుడు తెలీలేదా?"

"తెలిసింది."

"తెలిస్తే మరి?"

"తెలిసినా అప్పుడే అనలేదు కదమ్మా. మర్నాడు అందామనుకున్నాను. మర్నాటికి ఇంకా బరువైంది. ఇప్పుడు మూడు నెలల బరువైంది. ఏమని మొదలెట్టను?"

"మాస్టారూ, ఫోను తీశాను. ఇప్పుడే పెట్టేస్తా. పైన పెడతా. పేరు చెప్పండి."

"దానికి ఖాతా ఉండాలి కదా తల్లీ. ఆవిడకి ఖాతా లేదు."

"ఖాతా సంగతి నేను చూసుకుంటా. పేరు చెప్పండి."

"లఖన్ అమ్మ అంటారు. మా పెద్దాడు లఖన్."

"అది పేరు కాదు."

"రేషను కార్డులో సుకుర్మణి టుడు అని ఉంది."

"ష్. సాల్గే, వద్దు. రాయకు. చాట ఆగింది."

"ఏ చాట?"

"లోపల బియ్యం చెరుగుతోంది. మనం వచ్చినప్పటి నుంచి చప్పుడవుతూనే ఉంది. మాస్టారు ఆ పేరనగానే ఆగింది."

"ఆగుతుందిలే అమ్మా. అది కార్డు రాసిన గుమాస్తా పెట్టిన పేరు. మేం వెళ్లింది సుకుర్ వారం, అంటే శుక్రవారం. ఆ రోజు వరుసలో ఉన్న ఆడవాళ్లందరికీ సుకుర్మణి అనే రాశాడు. మా ఊళ్లో ఆరుగురు సుకుర్మణులున్నారు."

"అసలు పేరేంటి మరి?"

"పుట్టినప్పుడు ఇంట్లో పెట్టిన లోపలి పేరు ఉంది. వాళ్ల నాయనమ్మ పేరు పెట్టారు."

"ఏంటది?"

"పెళ్లినాడు విన్నాను. నలభై ఆరేళ్లయింది."

"మర్చిపోయారా?"

"మర్చిపోవడమేంటి తల్లీ. కట్టుకున్నదాని పేరు నా నోటితో నేను అనకూడదు కదా. మీ నాన్న అంటాడా మీ అమ్మ పేరు?"

"అనడు. 'ఏయ్' అంటాడు."

"మరి అదే."

"మీరు అనకూడదు సరే. ఆవిడ పేరు ఆవిడ అనుకోవచ్చుగా మాస్టారూ. ఆవిడని అడిగారా?"

మాస్టారు ఒళ్లో పేపరు మడవసాగాడు.

"అడగలేదు. సరే, నేను అడుగుతా. సాల్గే, ఇటు పట్టు సంచి."

"అమ్మా, ఆవిడ నీతో కూడా మాట్లాడదు."

"తెలుసు. చాట విసిరిందంటే నా మొహాన్నే తగులుతుంది. అయినా వెళ్తా."

పాన్ముని లోపలి గుమ్మం దాకా వెళ్లి ఆగింది. గడప దాటలేదు.

"అక్కా. నేను పాన్మునిని. ఇక్కడే నిలబడతాలే, లోపలికి రాను. పలకకపోయినా పర్లేదు. ఊరికే వినండి. మీరు బాగా వింటారటగా. నేను ఏడో తరగతి దాకా చదివా. ఒడియాలో. ఈ ఓల్ చికీ అక్షరాలు నాకు రావు. మా పిల్ల ఏం చేస్తుందో నాకు తెలీదు. ఏదో మోసంలో ఇరుక్కుందని, ఎవరో వచ్చి పట్టుకుపోతారని, రోజూ అదే భయం. మీరు అన్నం వండుతూ విన్నవే ఫోనులోకి వెళ్లాయట. అది ఇప్పుడే తెలిసింది. తెలిశాక భయం కొంచెం తగ్గింది. మోసమైతే మీరు ఊ అనేవారు కాదుగా."

"అమ్మా..."

"ఉండవే. అక్కా, అంగన్‌వాడీలో పదహారేళ్లుగా పనిచేస్తున్నా. ఆయమ్మా అంటారు. మొన్న మా కేంద్రం చూడ్డానికి పైనుంచి ఒకావిడ వచ్చింది. అందర్నీ నిలబెట్టి ఫొటో తీసింది. పేపర్లో వేశారు. కింద వరసగా పేర్లున్నాయి. నా దగ్గరికి వచ్చేసరికి 'మరొకరు' అని వేశారు. మరొకరు. ఆ పేపరు మడిచి బియ్యం డబ్బా కింద పెట్టేశా."

"నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?"

"నువ్వెప్పుడు అడిగావు? సందేశాలు పంపడానికే సరిపోయె నీకు. నువ్వే చెప్పుకో ఇప్పుడు. ఆ పేజీ పెట్టింది నువ్వు కదా."

"పెద్దమ్మా. నేను సాల్గేని. ఇంట్లో ఎవరూ మాట్లాడరా అన్నారే, ఆ పిల్లని. తప్పు మాస్టారిది ఒక్కరిదే కాదు. పని ఎవరు చేస్తున్నారని నేనూ అడగలేదు. పచ్చగా ఉంటే చాలనుకున్నా. బస్సులో వస్తున్నంతసేపూ మాస్టార్ని తిట్టుకుంటూ వచ్చా. మీరున్నారని నాకు తెలీదు. పేరు చెప్తే ఇప్పుడే రాస్తా. అందరికన్నా పైన. మీరు గనక మళ్లీ వింటే, పదహారు వందల..."

"లెక్కలు చెప్పకే. పేరు వరకే అడుగు."

"పేరు చెప్పండి పెద్దమ్మా."

"పలకదు తల్లీ. నాకు తెలుసు."

"మీరు ఊరుకోండి మాస్టారూ. ఇప్పటిదాకా ఊరుకున్నారుగా, ఇంకాస్త ఊరుకోండి."

"అమ్మా, మూడున్నర దాటింది. నాలుగింటి బస్సు."

"ఆగు."

"నువ్వే అన్నావు, అది తప్పితే రేపే అని."

"పోనీ. రేపే వెళ్దాం."

"నాన్న కంగారుపడతాడు."

"పడనీ. ఇన్నేళ్లుగా నేను పడుతున్నా, ఒక్కరోజు ఆయన్ని పడనీ. ఫోను పట్టుకుని అలాగే కూర్చో."

"చెయ్యి నొప్పెడుతోంది."

"పెట్టనీ."

"అమ్మా, నిజంగా పలకరేమో."

"అక్క వింటోంది. వినేవాళ్లకి తొందర ఉండదు. నువ్వు ఊరుకో."

లోపల చాట కింద పెట్టిన చప్పుడైంది. గడప దాకా అడుగులు వచ్చాయి.

"సింగో. సింగో హాంస్దా. పుట్టింటి పేరే పెట్టు. రాసి, ఒకసారి పైకి చదువు పిల్లా. నాకు అర్థమైతేనే నొక్కు ఆ పచ్చది."